పది గుంటలు పశువుకు
(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం వస్తే మన ఊర్ల బర్రెలు అంగడి తొవ్వ పడుతున్నయి. ఎందుకు? జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి కట్టె పశువు తింటదా? వరి ఉన్నచోట హార్వెస్టర్ గడ్డిని మళ్లనే పారేస్తే, మనం అగ్గి పెడుతున్నం. కొన్న గడ్డితో పాడి నిలబడదు. బోరున్నోళ్లు పది గుంటలు పశువుకు విడవాలె.

సూపర్ నేపియర్‌ను విత్తనంతో కాదు, కణుపులతో పెట్టుకోవాలె. మూడు నెలలు ముదిరిన కాండాన్ని రెండు కణుపుల ముక్కలు కొట్టి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేటట్టు నాటండి. సాళ్ల మధ్య మూడడుగులు, మొక్కల మధ్య రెండడుగులు. పది గుంటలకు సుమారు 1,800 ముక్కలు సరిపోతయి. అసలు పరీక్ష మొదటి నెలనే. గడ్డే కదా, దానికి కలుపేందని వదిలేస్తరు. పంట అక్కడనే పోతున్నది. నిలదొక్కుకుంటే మొదటి కోత 70-75 రోజులకు, తర్వాత 45 రోజులకోసారి. కోసినప్పుడల్లా పెంట, నీళ్లు ఇయ్యాలె. పశువు కడుపులకెల్లి వచ్చిందే కదా, మళ్ల భూమికే పోనియ్యండి.

ఒట్టి నేపియర్‌తో కడుపు నిండుతది గని మాంసకృత్తులు చాలవు. గట్ల మీద అవిశ పెట్టుకోండి. బోరు లేనోళ్లు వానకు జొన్న, బొబ్బర్లు కలిపి ఏసుకోండి. అయితే వాన ముఖం చాటేసి వాడిన లేత జొన్నలో విషముంటది. నాము అంటరు. పూతకు రాకముందు పశువును అందులకు తోలొద్దు, ఒక్క పూటలో ప్రాణం పోతది.

నేపియర్ ముక్కలు ఎవరి దగ్గరున్నయో ఎండాకాలమే అడిగి పెట్టుకోండి. తొలకరి పడ్డంక అందరూ అడుగుతరు.