దూరవిద్య: రుసుము చెల్లించుటకు ముందు

పంచాయతీ సభ్యులారా,

ఇటీవల ఒక గ్రామమున సభ ముగిసిన పిమ్మట ఒక యువకుడు డిగ్రీ పట్టా నొకటి నా చేతికిచ్చి, “అయ్యా, దీనికి విలువ కలదా?” అని యడిగినాడు. ఇంటి పాడిగేదెను అమ్మి రుసుము కట్టినారట. పట్టణములో దుకాణముపై గది నద్దెకు తీసికొన్న దళారి, పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయము పేర, మూడేండ్ల చదువును ఒక్క యేడాదిలో ముగించి ఇప్పించినాడట. పుస్తకములు రాలేదు. బోధకుని ముఖము చూడలేదు. ఉద్యోగమునకు వెళ్లగా ఆ పట్టా చెల్లదనిరి.

ఇందువలన దూరవిద్యయే మోసమని తలపరాదు. మన దేశమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా ద్వారా పాఠములు పంప నారంభించినది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ మార్గమునే అనుసరించినది. 1982లో దేశమునకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది మన తెలుగునాటనే. అదియే నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర హైదరాబాదున నున్నది. దాని మొదటి వైస్ ఛాన్సలరు ఆచార్య జి. రాంరెడ్డిగారే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి వైస్ ఛాన్సలరైరి. బడి మానిన పెద్దలు ఇంటర్మీడియట్ లేకయే, అర్హతా పరీక్ష నెగ్గి, డిగ్రీలో చేరుటకు తెలుగునాట దారి తీసినది ఈ సంస్థ. నిత్యము కళాశాలకు పోజాలని గృహిణికి, కూలికి ఇది ఎంత మేలో మీకు నేను చెప్పనక్కరలేదు.

అనుమతి పొందిన సంస్థ ఇచ్చు దూరవిద్యా డిగ్రీ, కళాశాల డిగ్రీతో సమానమే. అయితే ఈ అనుమతి నిచ్చునది యు.జి.సి. సంస్థకు పేరుండిన చాలదు. చేరబోవు కోర్సుకు, చేరు సంవత్సరమునకు కూడ అనుమతి యుండవలెను. రాష్ట్ర విశ్వవిద్యాలయము తన రాష్ట్రపు ఎల్లలు దాటి దూరవిద్యా కేంద్రము పెట్టరాదు. ప్రైవేటు వ్యక్తులకు కేంద్రములను గుత్తకిచ్చుట నిషిద్ధము. ఒక క్రెడిట్టు అనగా 30 గంటల చదువని లెక్క. ఒక్క యేడాదిలో డిగ్రీ యనువాడు ఈ లెక్క నెట్లు తేల్చునో అడిగి చూడుడు.

ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ డిగ్రీలు ఇంట కూర్చుండి చదువునవి కావు. అనుమతి లేక కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీలలో కొన్నిటిని 2017లో సుప్రీం కోర్టు నిలిపివేసినది, కొన్నిటిని రద్దు చేసినది. అప్పటికి వాటితో ఉద్యోగములు చేయుచున్న వారెందరో!

అనుమతి గల సంస్థల పట్టిక యు.జి.సి. వెబ్‌సైటున నుండును. అది ఇంగ్లీషున నుండుట మన వారికి ఇబ్బందియే. కావున ప్రవేశములు మొదలగు దినములలో పంచాయతీ కార్యాలయపు కంప్యూటరుపై దానిని తెరిచి, చేరదలచిన వారి యెదుట చదివి చెప్పించుడు. రుసుమును దళారి చేతికిగాక విశ్వవిద్యాలయమునకే నేరుగ చెల్లించి రసీదు పొందవలెనని తల్లిదండ్రులకు తెలుపుడు.

ఆ యువకుడు ఈ యేడు మరల మొదటి సంవత్సరమున చేరినాడు. ఈ మారు పుస్తకములు వచ్చినవట.