సాలూరులో సముద్రం మాట



సముద్రం కనబడని సాలూరులో చేపలవేటను గురించి ప్రసంగమేమిటని మొన్న ఒక మిత్రుడు నవ్వాడు. మన వేగావతి నీళ్ళు నాగావళిలో కలిసి, శ్రీకాకుళం దాటి సముద్రంలోకే పోతున్నాయి గదా! సంతలో మనం కొనే ఎండుచేప ఆ ఒడ్డునుండి వచ్చినదే. కనుక ఈ విషయంలో మనకూ వాటా ఉన్నది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్లు, ఇంజను పడవలు వేటకు పోరాదు. 2015కు ముందు 47 రోజులుగా ఉన్న ఈ నిషేధం ఇప్పుడు 61 రోజులు. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లుపెట్టే కాలమది. గూటిలోని పిల్లలను తీసుకొన్నా తల్లిపక్షిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. చట్టం వ్రాసినవారు దానిని చదివారో లేదో గాని, రెండింటి తెలివీ ఒక్కటే.

అయితే ఈ తెలివికి ఖర్చు పెడుతున్నదెవరు? మనది లారీలకు పేరుపడిన ఊరు. మీ లారీ 61 రోజులు షెడ్డు దాటరాదని ఉత్తరువు వస్తే వాయిదాలు ఆగుతాయా? డ్రైవరు, క్లీనరు ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతుంది? మత్స్యకారుని స్థితి అదే. 2019 నుండి ప్రభుత్వం 10,000 రూపాయల భృతి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో దానిని 20,000 చేసి బుడగట్లపాలెంలో పంపిణీ ప్రారంభించారు. మంచిదే. కాని లెక్క కడితే రోజుకు సుమారు 328 రూపాయలు. దానితోనే ఇల్లంతా గడవాలి. ఇక్కడ గడవక గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోయి, 2018లో పాకిస్తాన్ వారికి చిక్కిన మన తీరపువారు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు.

తాబేళ్ళ సంగతి కూడా చెప్పాలి. చలికాలం చివర ఇవి ఒడ్డుకు వచ్చి, ఒక్కొక్కటి నూరు దాకా గుడ్లు పెడతాయి. ట్రాలు వలలో చిక్కిన తాబేలు గాలికోసం పైకి రాలేక చస్తుంది. వలలో కమ్మీల చట్రం బిగిస్తే రొయ్యలు సందుల్లోంచి వెనక్కు పోతాయి, తాబేలు పక్కదారిన బయటపడుతుంది. కొంత చేపా జారిపోతుందని వేటగాళ్ళ ఫిర్యాదు. అది కొట్టివేయదగినది కాదు. కాని ఈ చట్రాలు లేవన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపింది. తాబేలు పోతే రొయ్యకు ధరా పోయింది.

మత్స్యకారుల మధ్యనే తగవులున్నాయి. తీరం నుండి 8 కిలోమీటర్లలోపు మరబోట్లు రాకుండా 1994 చట్టం చిన్న పడవలవారికి రక్షణ ఇచ్చింది. అయినా 2022 జనవరిలో విశాఖ జాలరిపేట దగ్గర రింగువలల విషయమై గొడవ జరిగి పడవలు తగలబడ్డాయి. చిన్నకన్ను వలతో గుంపంతా ఎత్తేస్తే మాకేమి మిగులుతుందని చిన్న పడవలవారి బాధ.

మనకు చేతనైనది ఏమిటి? నెత్తళ్ళు ఎంత పెరిగినా చిన్నవే, వాటి మాట కాదు. జానెడు వంజరం పిల్లను చవకని కొనవద్దు. ఆ రెండు నెలలు ఎండుచేపతో సరిపెట్టుకొందాం, దాని దగ్గర బేరం కూడా కొంచెం తగ్గిద్దాం. విందులు కాగానే ప్లాస్టిక్ గ్లాసులు వేగావతిలోకి నెట్టే అలవాటు మన వీధిలోనూ ఉన్నది. అవి ఎక్కడికి చేరతాయో ఇందాకే చెప్పాను. ఈసారి సంతకు పోయినప్పుడు చేపలమ్మే ఆమెను అడిగి చూడండి, ఈ సరుకు ఏ ఒడ్డుదని, అక్కడ ఈ ఏడు వేట ఎలా ఉన్నదని.