పాత కథలకు బొమ్మలు – ఆనాటి బట్టలు

(ఏలూరులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి పెద్దలు మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ దగ్గర పడింది. "మీరు బొమ్మలు వేస్తారు కదా, ఆ సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను చిత్రకారుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి, రిటైరయ్యాక పెన్సిలు పట్టినవాణ్ణి. వేసేవి పురాణ కథలు, మన ప్రాంతపు పాత కథలు. అందులో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటే. ఆ కథల్లోని మనుషులకు ఏ బట్టలు కట్టాలి?

ఒక్కసారి కళ్ళు మూసుకుని శ్రీకృష్ణుణ్ణి తలచుకోండి. మనలో సగం మందికి 1957 నాటి మాయాబజారులో రామారావుగారు కనబడతారు. ద్రౌపది అనగానే జాకెట్టు, జరీ అంచు చీర. లక్ష్మీదేవి, సరస్వతీదేవి అనగానే రవివర్మ పటాలు. ఆయన ముద్రణాలయం 1894లో బొంబాయి దగ్గర మొదలైంది. అక్కడ అచ్చయిన పటాలు ఊరూరా పూజగదుల్లోకి వచ్చాయి. ఆ దేవతలు కట్టుకున్నది చాలావరకు ఆనాటి మహారాష్ట్ర స్త్రీల చీరకట్టు. నాటకాలవారి కిరీటాలు, భుజకీర్తులు సరేసరి. వారంతా తప్పు చేశారని నేననడం లేదు. చందమామ అట్టమీద వడ్డాది పాపయ్యగారి బొమ్మ చూడకపోతే నాబోటివాడు పెన్సిలు పట్టేవాడే కాదు. మన నరసాపురంలో పుట్టిన బాపుగారి సీతమ్మను కాదనగలవారెవరు? అవి భక్తికి, ఊహకు సంబంధించిన బొమ్మలు. కాని బొమ్మ కింద "శాలంకాయనుల కాలం" అనో "శాతవాహనుల కాలం" అనో రాశామంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ప్రతి నగకూ ఓచరు ఉండాలి. ఓచరు లేని ఖర్చును ఆడిటువారు ఒప్పుకుంటారా?

ఈ పట్టింపు మన జిల్లాలవారికి కొత్తది కాదు. భీమవరం ప్రాంతంలో 1895లో పుట్టిన అడివి బాపిరాజుగారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారి దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. సింహళం వెళ్ళి సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు వేశారు. సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. ‘హిమబిందు’ వంటి చారిత్రక నవలలు రాశారు. ఆయన వేసిన ‘సముద్రగుప్తుడు’ ప్రసిద్ధమైన చిత్రం. ఆ సముద్రగుప్తుడికి ఓచరు ఉంది. ఆయన బంగారు నాణేల మీదే ఒకచోట కోటు, షరాయి వేసుకుని నిలబడి ఉంటాడు. మరోచోట నడుముకు వస్త్రం మాత్రం చుట్టుకుని, కూర్చుని వీణ వాయిస్తుంటాడు. ఒకే రాజు, రెండు వేషాలు.

ఆయన అలహాబాదు శాసనంలో వేంగి హస్తివర్మ పేరుంది. వేంగి అంటే ఇక్కడికి అయిదు కోసుల లోపు ఉన్న మన పెదవేగి. మరి ఆ హస్తివర్మ ఏం కట్టుకున్నాడు? ఆయన నాణేన్ని చూసి బొమ్మ వేద్దామంటే ముఖం దొరకదు. అందుకని నేను కొంచెం వెనక్కు వెళ్ళి అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు పట్టుకున్నాను. అమరావతి పలకలు కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. 1845లో ఎలియట్ దొరగారు తవ్వించినవాటిలో చాలా భాగం మద్రాసు మీదుగా లండను చేరి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో మిగిలినవి కూడా తక్కువేమీ కాదు. అక్కడ నేను రెండు రోజులు కూర్చుని గీసుకున్నాను. రాజులకు సినిమా కిరీటం లేదు. బాగా చుట్టిన తలపాగా, దాని ముందు పెద్ద ముడి. నడుము నుండి కిందికి కుచ్చెళ్ళు తీర్చిన పంచె, దాని మీద లావుపాటి నడికట్టు, పక్కన వేలాడే ముడులు. చొక్కా లేదు. కుట్టిన బట్ట కనబడేది కాపలావాళ్ళకు, సేవకులకు, సైనికులకు. అంటే మన నాటకాల లెక్కకు తలకిందులు. స్త్రీలకు ముంజేతి నిండా కంకణాలు, బరువైన కడియాలు, పూసల పేటల మొలనూలు. పై వస్త్రం కుట్టినది కాదు, చాలామందికి అసలు లేదు.

పేచీ అంతా అక్కడే వస్తుంది. కొన్నేళ్ళ క్రితం గూడెంలో పిల్లల చిత్రలేఖన పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పుస్తకంలోని అమరావతి పలక చూసి, ఉన్నది ఉన్నట్టు శ్రద్ధగా వేసింది. మొలనూలులో పూసలు ఎన్ని పేటలో లెక్కపెట్టి మరీ వేసింది. నేను మొదటి మార్కు వేశాను. నిర్వాహకులు ఆ బొమ్మను గోడకు తగిలించనివ్వలేదు, బహుమతీ ఇవ్వలేదు. జాకెట్టు వేసి తెమ్మన్నారు. ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. చూసి కడుపు రగిలిపోయింది. రెండువేల ఏళ్ళ క్రితం స్తూపం చుట్టూ భక్తితో చెక్కి నిలబెట్టినదానిలో లేని సిగ్గు మనకెక్కడి నుండి వచ్చింది? బడి గోడ మీద కొంత మర్యాద పాటించాలన్నది నేనూ కాదనను. హారాలు దట్టంగా వేయవచ్చు, చేతిలో తామర పెట్టవచ్చు, స్తంభం చాటున నిలబెట్టవచ్చు. శిల్పులు కూడా ఇలాంటి ఉపాయాలు ఎరుగుదురు. కాని జాకెట్టు కుట్టి, కింద "శాతవాహన కాలపు స్త్రీ" అని రాయడం దొంగ ఓచరు.

మా అమ్మాయి కూతురు హ్యూస్టనులో చదువుకుంటోంది. దానికీ ఈ పిచ్చి అంటింది. పక్క దేశం మెక్సికో పాత దేవతల బొమ్మలు వేస్తుంది. అక్కడి అజ్టెక్ వారి రాజధాని ఒక సరస్సు మధ్య ఉండేది. సరస్సులకు, ఏరులకు వారికో దేవత ఉంది, చాల్చియుట్లిక్యూ. ఆ పేరుకు పచ్చరాయి పావడా కట్టినామె అని అర్థమట. పాత చిత్రగ్రంథంలో ఆమె దగ్గర నుండి ప్రవాహం పుట్టి, అందులో మనుషులు కొట్టుకుపోతూ ఉంటారు. "ఆమె తలపట్టీ కుచ్చుల దగ్గర నుండి అన్నీ పుస్తకం చూసే వేశాను తాతయ్యా" అంది. అక్కడా కథ ఇదే. 1562లో ఒక స్పెయిన్ మతగురువు మాయా జాతివారి పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు. సహగున్ అనే ఇంకో మతగురువు స్థానిక చిత్రకారులను కూర్చోబెట్టి, వారి దేవతలు, బట్టలు, పనిముట్లు అన్నీ బొమ్మలతో రాయించాడు. ఆ గ్రంథం ఇటలీలో ఫ్లారెన్సులో భద్రంగా ఉంది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు ఆనాటి తీరు పైవస్త్రాన్ని నడుముకు కట్టుకునే మగ్గం మీద ఇప్పటికీ నేస్తున్నారట.

అది చెప్పగానే నాకు మన కొల్లేరు గుర్తొచ్చింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గరకు ఫాల్గుణంలో మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. అక్కడ గజపతుల కోట ఉండేదని, మహమ్మదీయ సైన్యం చిగురుకోట దగ్గర విడిసి, సరస్సు నీరు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వ మొదలుపెట్టిందని, ఓఢ్ర సేనాపతి గెలుపు కోసం దేవతలకు తన కన్నకూతురినే బలి ఇచ్చాడని కథ. అందుకే ఆ కాలువను పేరంటాల కనమ అంటారు. ఈ బొమ్మ నాలుగుసార్లు వేశాను, నాలుగూ నచ్చలేదు.

ఇక్కడ అమరావతి ఓచరు చెల్లదు. హస్తివర్మకూ గజపతులకూ మధ్య వెయ్యేళ్ళు దాటాయి. పాతకాలం అంటే అంతా ఒకటే మూట కాదు. గజపతుల నాటికి కుట్టిన బట్ట దర్బారుల్లోకి వచ్చేసింది. శ్రీనాథుడంతటివాడు కుళ్ళాయి పెట్టుకోక తప్పలేదు. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు రంగుల బొమ్మల్లో ఎత్తయిన కుళ్ళాయిలు, పొడుగు అంగీలు, రకరకాల గళ్ళు, పువ్వుల చీరలు చక్కగా కనబడతాయి. కాని లేపాక్షి విజయనగరంవారిది. మన పిల్ల ఓఢ్ర సేనాపతి కూతురు. వేరే డిపార్టుమెంటు ఓచరు, పూర్తిగా పాసుకాదు. తాటిదోనె, తుంగ, ఆటపాకలో మనం చూసే పెలికాన్ కొంగలు, ఇవి వేయడానికి నాకు సందేహం లేదు. సేనాపతి చేతిలో కత్తి కూడా కుదిరింది. ఆ పిల్ల దగ్గరకు వచ్చేసరికి పెన్సిలు ఆగిపోతుంది. పెళ్ళికూతురిలా అలంకరించి తీసుకెళ్ళారా, కట్టుబట్టతోనా? మొదటిది వేస్తే తండ్రి మీద జాలి కలుగుతుంది. రెండోది వేస్తే కోపం వస్తుంది. బట్టను బట్టి కథే మారిపోతోంది. ప్రస్తుతానికి ఆమెను వెనుక నుండి వేశాను, నీటి వైపు తిరిగి ఉన్నట్టు.

కైకలూరు వైపు నుండి వచ్చిన అమ్మలు ఈ సభలో ఉన్నారు. మీ అత్తగార్లు, అమ్మమ్మలు ఈ కథ చెప్పేటప్పుడు ఆ పిల్ల చీర రంగో, జడో, చేతి గాజులో ఏదైనా చెప్పి ఉంటే, భోజనాల దగ్గర నాతో ఒక్కమాట చెప్పండి. కాగితం, పెన్సిలు జేబులోనే ఉన్నాయి. సెలవు.