ఆటస్థలమున చందాలు

1947లో అమెరికాలోని బోస్టన్ నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పసివారికి అమినాప్టెరిన్ అను మందు నొసగ మొదలిడెను. దానిని సిద్ధపరచినది భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నడపిన పరిశోధకబృందము. పరిశోధన సాగుటకు ధనము కావలసెను.

1948 మే 22న బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాండ్రు ఆసుపత్రిలో "జిమ్మీ" అను మారుపేరుగల రోగి బాలుని పడకచుట్టు చేరిరి. రేడియోలో ఆ ముచ్చట్లు విన్నవారు విరాళములు పంపిరి. ఆ ఏడే నిధి రెండు లక్షల డాలర్లు దాటెను.

1953లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీకి తరలిపోగా, రెడ్ సాక్స్ జట్టు ఆ భారము వహించెను. నేటికిని ఫెన్‌వే పార్కులో ఆటలు జరుగుచుండగా జిమ్మీ నిధికి చందాలు కోరుచున్నారు. జట్టు ఊరు విడిచినను ధర్మము ఊరు విడువలేదు. చందాలతో 25 ఏండ్లు నిలిచిన గ్రంథాలయమునకు ఈ మర్మము తెలియనిది కాదు.