ఉర్దూ బడిలో ఉపాధ్యాయుడు ఎందుకు నిలవడం లేదు?



ఉర్దూ మాధ్యమ పాఠశాలల ప్రస్తావన రాగానే మన సభల్లో వినిపించే మాట ఒకటే: "పంతుళ్లు రారు, వచ్చినవారు ఉండరు." నింద ఉపాధ్యాయునిపై పడుతుంది. గుమాస్తాగా ఏళ్ల తరబడి ఫైళ్లు చూసినవానిగా చెబుతున్నాను, లోపం మనిషిలో కన్న కాగితంలోనే ఎక్కువ.

డీఎస్సీ పోస్టులకు నూరు పాయింట్ల రోస్టరు వర్తిస్తుంది. రిజర్వేషన్లను నేను ఆక్షేపించడం లేదు. 2007లో బీసీ-ఇ కింద మనకు లభించిన 4 శాతమూ ఆ సూత్రం ఫలమే. కాని ఉర్దూ మాధ్యమంలో చదివి, శిక్షణ పొంది, టెట్ గట్టెక్కిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు బహు అరుదు. కనుక వారికి కేటాయించిన పోస్టు ఖాళీగా మిగిలి, తదుపరి నోటిఫికేషన్‌కు పోతుంది. అక్కడా అదే గతి. అర్హుడైన ఉర్దూ అభ్యర్థి బయట నిలబడి ఉంటాడు, లోపల కుర్చీ ఖాళీ. రికార్డులో మాత్రం పోస్టు మంజూరైనట్లే!

ఆ ఖాళీలో తాత్కాలికులను నింపారు. తెలంగాణలో విద్యా వాలంటీరుకు నెలకు 12 వేల రూపాయలు, వేసవి సెలవులకు ఏమీ లేదు, ఏటా కొత్తగా నియామకం. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వారిని కొనసాగించలేదు. సంసారం ఉన్న మనిషి ప్రైవేటు బడికో, దుకాణానికో, గల్ఫ్‌కో పోక ఏం చేస్తాడు? దీనిని వృత్తిని విడిచిపోవడం అనవచ్చునా?

రెగ్యులర్ ఉపాధ్యాయుని అవస్థ వేరు. ఒక్కడే ఐదు తరగతులు చెప్పాలి. పైగా ఓటర్ల జాబితా, మధ్యాహ్న భోజనం లెక్కలు. 2004 సెప్టెంబరు 1 తర్వాత నియమితులైన వారికి పాత పింఛను భరోసా కూడా లేదు. ఇది తెలుగు మాధ్యమం వారికీ ఉన్నదే.

రాజ్యాంగం 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. ఉపాధ్యాయుడు లేని తరగతిలో ఆ చట్టం ఎవరికి పాఠం చెబుతుంది?

రెండు నోటిఫికేషన్లలోనూ అభ్యర్థి దొరకని పోస్టును ఉర్దూ అభ్యర్థులందరికీ తెరవాలి. ఆయా వర్గాల వాటా తగ్గకుండా అన్నే పోస్టులను తెలుగు మాధ్యమంలో వారికి సర్దాలి. ఈ రెండవ షరతు లేకుండా మనం అడగరాదు, అడిగితే అది న్యాయమూ కాదు.

అందుకు ముందు లెక్క చేతికి రావాలి. మీ జిల్లా విద్యాధికారికి సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి: మంజూరైన ఉర్దూ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏ రోస్టరు పాయింటు వద్ద, ఏ ఏడాది నుండి? 30 రోజుల్లో జవాబివ్వాలి. నమూనా దరఖాస్తులు ద్వారం పక్కన బల్లపై ఉన్నాయి. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.