మన యౌవనులు – మత్తు – మన మౌనము
(డుంబ్రిగుడ యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సమయములో సంఘ కాపరి మన ఘనతలను చెప్పునని మీరు ఎదురు చూచుచుందురు. అవి చెప్పుటకు నాకంటె పెద్దలు ఉన్నారు. నేను మన ఇండ్లలోని ఒక దుఃఖమును గూర్చి మాటలాడవలెనని వచ్చితిని.

ఈ కొండలలో మత్తు క్రొత్తది కాదు. జీలుగు కల్లు, ఇప్పసారా తాతల నాటివి. పెండ్లి ఇంటనైనను, చావు ఇంటనైనను ముంత తిరుగును. పసిబిడ్డ నోటికి మేనమామ సరదాగా కల్లు చుక్క అందించుట మీలో ఎందరు చూడలేదు? నేను చూచితిని, నవ్వితిని కూడ. యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయములోని రేకాబీయుల సంగతి మీరెరుగుదురు. ప్రవక్తయే ద్రాక్షారసము ముందు పెట్టినను, తమ పితరుడు వద్దన్నాడని వారు ముట్టలేదు. వారికి అడ్డుపడినది తండ్రి మాట. మొదటి గ్లాసు తండ్రి చేతినుండియే అందుకొన్న మన పిల్లలకు అడ్డుపడునది ఏమి?

అయితే గంజాయి సంగతి వేరు. బయటి వ్యాపారులు పెట్టుబడి పెట్టి లోపలి కొండలలో దీనిని సాగు చేయించిరి. ఆడబిడ్డకు పెట్టుకొనవలసిన ‘శీలావతి’ అను పేరును ఆ మొక్కకు పెట్టిరి! 2021 చివర పోలీసువారు ‘ఆపరేషన్ పరివర్తన’ పేర వేలాది ఎకరముల తోటలు నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకు కాల్చివేసిరి. తోటలు తగ్గినవి. కాని ఒడిశా సరిహద్దు మనకు దగ్గర. మూట దాటించుటకు కాలిబాట తెలిసిన కుఱ్ఱవాడు కావలెను. ఆ కుఱ్ఱవాడు మనవాడే.

యౌవనులారా, లెక్క తెలిసికొనుడి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము ప్రకారము 20 కిలోలు మించిన గంజాయితో పట్టుబడినచో శిక్ష 10 ఏండ్లకు తగ్గదు, 20 ఏండ్ల వరకు పడవచ్చును. జరిమానా లక్ష రూపాయలకు తగ్గదు. బెయిలు దొరకుట బహు కష్టము. సరుకు యజమాని ఎవడో మోసినవానికి తెలియదు.

మన సంఘములో 19 ఏండ్ల బిడ్డ ఒకడుండెను. ఇంటర్ మధ్యలో మానివేసెను. ఆరాధనలో డోలు వాయించెడివాడు. ఒక కోతపండుగనాడు ఐదువేల రూపాయలు కృతజ్ఞతార్పణగా తెచ్చెను. బయట క్రొత్త మోటారుసైకిలు నిలిచియుండెను. ఈ సొమ్ము ఎక్కడిదని నేను అడుగలేదు. తల మీద చేయి ఉంచి ప్రార్థించితిని. నిజము చెప్పవలెనంటే, అప్పుడు గుడికి రేకులు కావలసియుండెను. నాలుగు నెలలకు అతడు చెక్‌పోస్టు వద్ద మూటతో పట్టుబడెను. అతని తల్లి నన్ను తిట్టలేదు. “ఒక్క మాట అడిగుంటే మీకు సెప్పీవోడు, అయ్యగారూ” అనినది, అంతే. ఆమె అనుమతితోనే ఇది చెప్పుచున్నాను. ఆ రేకుల క్రిందనే మనమిప్పుడు కూర్చుండియున్నాము.

మరియొక మాట. త్రాగుడు మాన్పించుటకు ఉపవాస ప్రార్థన పెట్టి, మనిషిని గదిలో ఉంచుచున్నారు. ఏండ్ల తరబడి విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛలు రావచ్చును, ప్రాణమే పోవచ్చును. ప్రార్థించుడి, కాని ముందు అరకులోయ ఆసుపత్రికి తీసికొని వెళ్లుడి. ఫోనులో సలహాకు 14446 ఉచిత నంబరున్నది. గంజాయి పీల్చువాడు తనంతట తాను వైద్యమునకు వచ్చినచో, ఆ సేవనము విషయమై కేసునుండి రక్షణ పొందుటకు పై చట్టములోనే 64ఎ సెక్షను వీలు కల్పించుచున్నది. భయపడి దాచవద్దు. మూటలు మోయించువారిని గూర్చి తెలిసినచో పోలీసుశాఖవారి ‘ఈగల్’ విభాగమునకు 1972 నంబరులో తెలుపవచ్చును.

ఆ తల్లి ప్రతి ములాఖతుకు ఒంటరిగా బస్సెక్కుచున్నది. ఈసారి నేను వెళ్లుచున్నాను. ఇద్దరు పెద్దలు తోడు రావలెను. కూడిక ముగిసిన పిమ్మట పేర్లు ఇవ్వగలరు.