అద్దె ఇంటి గోడ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, చదువు గూర్చి చెబుతామని మీరందరూ అనుకొని ఉంటారు. ఉర్దూ మాస్టరు ఇంకేమి చెబుతాడు గనుక! కాని ఈసారి మేము ఇంటి గోడ గూర్చి చెప్పదలచినాము. అదీ సొంత ఇంటి గోడ గాదు, అద్దె ఇంటి గోడ. మన చింతూరులో మనవారు చాలామంది అద్దె ఇండ్లలోనే కాపురముంటున్నారు గనుక ఇది ఇంటింటి మాట.

మన ఊరి సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. శబరి ఒడ్డున ఉన్నాము. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు పోవుటకు దారి లేక వెనుకకు తన్ని ఊళ్ళ మీద పడుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు వచ్చినది. పెద్దలు ఆ సంవత్సరం ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే ఎంత నీరో ఊహించుకోండి.

వరద వచ్చినప్పుడు అందరూ ప్రాణం చూసుకుంటారు. అసలు కష్టం వరద తీసిన తరువాత మొదలవుతుంది. మట్టిగోడ నీటిలో ఉన్నన్నాళ్ళు నిలబడి, ఎండ కాసి ఆరేటప్పుడు పగుళ్ళిచ్చి కూలుతుంది. కనుక “నీళ్ళు పోయినవి, గోడ నిలిచినది, అల్హందులిల్లా” అని పిల్లలను ఆ గోడ ప్రక్కనే పడుకోబెట్టరాదు. గోడ అడుగు మెత్తబడినదా, పొట్ట ఉబ్బినదా, దూలం జరిగినదా, వాసాలకు చెద పట్టినదా చూడాలి. తడిసిన ఇంట్లో వైర్‌మన్ చూడక ముందు కరెంటు మెయిన్ వేయరాదు. అనుమానముంటే ఆ గది ఖాళీ చేయాలి. హక్కుల మాట తరువాత, ముందు ప్రాణం.

ఇక హక్కుల మాట. దీనిలో మేము చేసిన తప్పే ముందు చెప్పుకుంటాము.

2022 వరద తరువాత మా అద్దె ఇంటి వెనుక గోడ వంగినది. ఇంటి యజమానురాలు కోయ కుటుంబపు పెద్దామె, ప్రక్క ఊరిలో కూతురి దగ్గర ఉండెను. ఆమెతో మాట చెప్పకుండానే మేము మేస్త్రీని పిలిపించి, అడుగున రాయి కట్టించి, సిమెంటు వేయించినాము. పదకొండు వేలు అయినవి. నెల తిరిగి ఆమె అద్దెకు రాగా, “అమ్మా, ఈ ఖర్చు అద్దెలో తగ్గించుకుంటాము” అన్నాము. ఆమె గోడ వంక చాలాసేపు చూచి, “మాస్టారూ, ముందే నాతో ఒక్క మాట అని ఉంటే మా అల్లుడి చేత కర్రా రాయీ తెప్పించేదాన్ని గదా. ఇంత ఖర్చు ఎందుకయ్యేది? నేను అడగని పనికి నేనెట్లా డబ్బిచ్చేది?” అన్నది. మాకు కోపం వచ్చినది. పెద్దమనుషులు కూర్చుని సగం సగం అని తీర్పు చెప్పినారు. ఆమె ఒప్పుకొన్నది, మేమూ ఒప్పుకొన్నాము. కాని మనసులో మాత్రం మాకే అన్యాయం జరిగినదని చాలా రోజులు అనుకున్నాము.

తరువాత పుస్తకాలు తిరగవేయగా ఆమె మాటలోనే న్యాయం కనబడినది. ఉస్మానీ ప్రభుత్వ కాలంలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖ్హ్ ననుసరించి ‘మజల్లా’ అను న్యాయ సంహితను కూర్చినారు. అందులో ఇజారా, అనగా అద్దె గూర్చిన భాగములో 529, 530 నిబంధనలున్నవి. ఇల్లు కాపురానికి పనికివచ్చేటట్లు బాగుచేయించు భారము యజమానిదే. అతడు చేయించకపోతే అద్దెదారు ఖాళీ చేసి పోవచ్చును. ఐతే చేరేటప్పుడే ఆ లోపం తెలిసి చేరినవానికి ఆ వీలు లేదు. అద్దెదారు తనంతట తానే బాగుచేస్తే అది దానం క్రింద లెక్క, అడిగే హక్కు లేదు. యజమాని అనుమతితో చేసినదైతే, పైకప్పు పెంకుల వంటి ఇంటికి మేలైన పని ఖర్చు అడగవచ్చు. తన సుఖం కోసం పొయ్యి బాగుచేసుకుంటే, ముందుగా షరతు లేనిదే అడగరాదు. మజల్లా మన కోర్టులో చెల్లే చట్టం గాదు. కాని ఇన్సాఫ్ అంటే ఏమిటో తెలుపుతుంది. చెప్పి చేసినది బాకీ, చెప్పకుండా చేసినది దానం. మా పదకొండు వేలలో ఆమె ఇచ్చిన సగం ఆమె మంచితనమే గాని మా హక్కు గాదు.

మన దేశపు చట్టం చూద్దాము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉన్నది. యజమాని తాను చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చిన తరువాత కూడ తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చును. అగ్ని, తుఫాను, వరద వలన ఇంటిలో ముఖ్య భాగం శాశ్వతంగా పనికిరాకుండా పోతే, అద్దెదారు కోరితే ఆ అద్దె ఒప్పందం రద్దవుతుంది. అద్దెదారు తప్పు వలన పాడైతే మాత్రం ఆ వీలు లేదు. ఇక్కడ ‘తాను చేయవలసిన’ అను మాట గమనించండి. ఏ మరమ్మతు ఎవరిదో ఒప్పందంలోనో స్థానిక ఆచారంలోనో ఉండాలి. నోటి మాట మీద చేరి, గోడ పడినాక చట్టం చూపితే లాభం లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ముఖ్యంగా మునిసిపల్ పట్టణాల కొరకు వచ్చినది. దాని గూర్చి విని మన ఊరికీ అదే అనుకోవద్దు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. మనది షెడ్యూల్డు ప్రాంతము. 1959లో వచ్చి 1970లో సవరణ జరిగిన భూబదిలీ నిబంధన, జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారే, అది ఇక్కడ అన్నిటికంటె ముందు నిలుస్తుంది. దాని ప్రకారం ఇక్కడి స్థిరాస్తి గిరిజనులకు తప్ప ఇతరులకు బదిలీ చెల్లదు. ‘బదిలీ’ అంటే అమ్మకం ఒక్కటే గాదు, తాకట్టు, లీజు కూడ అందులో చేరినవి. కనుక మనవంటి గిరిజనేతరుడు అద్దె పత్రం పట్టుకొని కోర్టుకు పోతే, గోడ మాట రాకముందే ఆ పత్రం చెల్లునా అను ప్రశ్న ఎదురుకావచ్చును.

దీనికి మనం నొచ్చుకోరాదు. అప్పులు, ఖర్చులు చూపి మైదానం నుండి వచ్చినవారు ఆదివాసుల భూములు ఎట్లా తీసుకున్నారో ఈ కొండలకు తెలుసు. అందుకే ఆ చట్టం పుట్టినది. కాబట్టి మనలో ఎవరూ “ఇంత ఖర్చు పెట్టినాము, ఇల్లు మాకే రావాలి” అనరాదు. మరమ్మతు బాకీ డబ్బు బాకీయే, ఇంటి మీద హక్కు గాదు. ఆ భయం యజమానికి లేకుండా చేస్తే, గోడ గూర్చి మన మాట ఆమె చెవికి ఎక్కుతుంది.

మరొక చిక్కు పోలవరం. మన మండలం ముంపు ప్రాంతంలో ఉన్నది. “మునిగే ఇంటికి డబ్బు ఎందుకు తగలేయాలి” అని కొందరు యజమానులు అంటారు. అదీ నిజమే అనిపిస్తుంది. కాని అద్దె తీసుకున్నన్నాళ్ళు ఇల్లు నిలబడి ఉండాలి గదా. పెద్ద పని వద్దంటే, ఊతకర్రలు, టార్పాలిను వంటి తాత్కాలికపు పని చేసి అద్దె తగ్గించమని అడగండి. అదీ కాదంటే ఖాళీ చేయుటే మేలు.

మరి చేయవలసినదేమిటి? సూర బఖరా 282వ ఆయత్‌లో బాకీ వ్యవహారాన్ని సాక్షులతో వ్రాసుకొమ్మని ఉన్నది. ఇంట్లో చేరిన రోజే యజమానిని వెంట పెట్టుకొని గోడలు, కప్పు, తలుపులు చూచి, ఉన్నది ఉన్నట్లు తెలుగులో ఒక చీటీ వ్రాసుకోండి. ఫోనులో ఫోటోలు తీయండి. గోడ, కప్పు, దూలం యజమానివి, గడియ, కుళాయి వంటి చిన్న పనులు మనవి అని అందులో వ్రాయండి. లోపం కనబడిన రోజే కబురు పంపి, మనిషి ద్వారా చీటీ కూడ పంపండి. ఖర్చెంతో ముందే చెప్పి సరే అనిపించుకోండి. రశీదులు దాచండి. చదువురాని యజమాని ఐతే ఆమె నమ్మే మనిషి చేత చదివించి వినిపించండి. కోపంతో అద్దె ఆపవద్దు, అద్దె ఆపితే తప్పు మన వైపు తిరుగుతుంది.

మాట కుదరకపోతే 1987 నాటి న్యాయ సేవల అధికార చట్టం ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు తెగలవారికి, వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అంటే మనకూ దొరుకుతుంది, మన ఇంటి యజమానికీ దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకొని చేసుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానము.

సంఘానికి ఒక్క మనవి. ప్రతి సంవత్సరం తొలకరికి ముందు ఇద్దరు ముగ్గురు యువకులు, ఒక మేస్త్రీ కలిసి మనవారున్న అద్దె ఇండ్లు తిరిగి చూచి, ఒక నోటు పుస్తకంలో వ్రాయాలి. ప్రమాదమున్న గోడల సంగతి సంఘం తరఫునే మర్యాదగా యజమానులకు చెప్పాలి. ఒక్కరు చెబితే తగాదా అవుతుంది, పెద్దలు చెబితే సలహా అవుతుంది.

చీటీ వ్రాయించుకొనదలచినవారు అసర్ నమాజు తరువాత ఏ రోజైనా మా ఇంటికి రండి, వ్రాసిపెడతాము. మా ఇంటి వెనుక గోడ కూడ చూచి పోవచ్చును. ఈ యేడు దాని కప్పు పెంకులు మార్చవలసి ఉన్నది. ఈసారి యజమానురాలికి ముందుగానే చెప్పినాము. పెంకులు ఆమె తెప్పిస్తానన్నది, కూలి మేమిస్తామన్నాము.

అల్లాహ్ మన ఇండ్లను, మనకు ఇండ్లిచ్చినవారిని చల్లగా చూడుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.